మాటకు ముందూ వెనకా

ప్లీడరమ్మగారు పోయారు.

ఆ కబురు మా చిన్నతమ్ముడు ఫోన్లో చెప్పలేదు. పొద్దున్నే బండి మీద మా ఇంటికొచ్చాడు. నేను ప్రార్థనలో ఉన్నాను. నేను కళ్లు తెరిచేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, ప్లీడరమ్మ ఇంక లేదంట" అన్నాడు.

"ఎప్పుడు?"

"తెల్లారుజామున. నిద్దట్లోనే పోయిందంట. ఆమె జూనియరు లాయరు చెప్పాడు."

నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. వాడు గడప మీద కూర్చున్నాడు. తర్వాత నేను లేచి చీర మార్చుకున్నాను. నరసరావుపేట వెళ్లాలి కదా.

ఆమె నరసరావుపేట కోర్టులో క్రిమినల్ కేసులు చూసేవారు. గురజాల, మాచర్ల వైపు పల్లెల్లో ఆమెను పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. ప్లీడరమ్మ అంటే ఆమే. ఆమె చదువు గురించి, వాదన గురించి తోటి లాయర్లు రాస్తారు. నేను బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని. నాకు తెలిసింది ఒక్క కేసు. అది మా వాడిది. దాని ద్వారా ఆమెను ఎంత చూశానో అంత రాస్తాను.

మేము ముగ్గురం. అమ్మానాన్నలు త్వరగా పోవడంతో తమ్ముళ్లిద్దరూ నా చేతుల మీదే పెరిగారు. పెద్దవాడు పిడుగురాళ్లలో లారీ ఆఫీసులో పనిచేస్తాడు. చిన్నవాడు మా ఊళ్లోనే బోరు మోటార్లు బాగుచేస్తాడు. వాడిది కష్టపడే చెయ్యి, దురుసు నోరు. ఆ నోటితోనే వాడు పక్క పొలం రైతుతో కరెంటు తీగ గురించి గొడవపడ్డాడు. టీకొట్టు దగ్గర అందరూ చూస్తుండగా ఒకరినొకరు తిట్టుకున్నారు. ఆ వారంలోనే ఆ రైతు సాగర్ కాలవలో శవమై తేలాడు. తల మీద దెబ్బ ఉంది.

అప్పటికే ఊళ్లో ఒక వాయిస్ మెసేజి తిరుగుతోంది. అది మా వాడి గొంతు. దాంట్లో ఉన్నది ఇంతే.

"ఇయ్యాల సందేళకల్లా లేపేస్తా బాబాయ్. తాడూ మనుషులూ నేనే తెచ్చుకుంటా. నువ్వు ఆడ అడ్డం రామాక. నోరు మూసుకోని ఇంటికాడ కూకో."

వాడు దాన్ని ఒక ముసలి మిరప రైతుకు పంపాడు. ఆయన తన పొత్తుదారుకు పంపాడు. అక్కడి నుంచి అది ఊరి గ్రూపులోకి వచ్చింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. శవం తేలిన తర్వాత అదే మాటను అవే చెవులు ఇంకో రకంగా విన్నాయి. లేపేయడం అంటే చంపేయడం అయింది. తాడు దేనికో, మనుషులు ఎవరో తేలిపోయింది. మా వాడినీ, వాడి వెంట పనికి వెళ్లే ఇద్దరినీ టీకొట్టు దగ్గరే జీపెక్కించారు. ఇంట్లో మరకలున్న చొక్కా ఒకటి తీసుకుపోయారు. మా వాడు చెప్పేది ఎవరూ వినిపించుకోలేదు. వాడి తరఫున సాక్ష్యం చెప్పగలిగింది ఆ ఇద్దరే. వాళ్లూ ముద్దాయిలయ్యారు. మెసేజి అందుకున్న ముసలాయన పోలీసులను చూసి వణికిపోయి, "నాకేం తెలవదయ్యా" అని తన ఫోన్లో ఉన్నదంతా చెరిపేసుకున్నాడు.

నేనూ పెద్దతమ్ముడూ ప్లీడరమ్మ ఇంటికి వెళ్లింది అప్పుడే. ఆమె వరండాలో కూర్చుని బత్తాయి వలుచుకుంటున్నారు. మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"ఏడవటానికొచ్చారా, చెప్పటానికొచ్చారా?"

"చెప్పటానికేనండీ" అన్నాను.

"అయితే కూర్చో. ఏడిచేవాళ్లకి లోపల వేరే గది ఉంది."

నిజంగానే ఉంది. తర్వాత చూశాను. అందులో ఒక మంచం, కూజా, గోడకు ఫ్యాను. అక్కడ ఏడిచి, మొహం కడుక్కుని, బయటికొచ్చి చెప్పాలి. అది ఆ ఇంటి పద్ధతి.

పెద్దతమ్ముడు తన ఫోన్లో ఉన్న మెసేజి వినిపించబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. మెడకు వేలాడుతున్న పాత హెడ్‌ఫోను చెవులకు తగిలించుకున్నారు. దాని స్పాంజి చిరిగి, గుడ్డతో కుట్టి ఉంది. కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత తమ్ముణ్ణి అడిగారు.

"నువ్వు చెప్పు. ఏమన్నాడు మీ వోడు?"

"చంపేస్తానన్నాడమ్మా, ఎదవ..."

"అన్నాడా?"

"అంటే... లేపేస్తానని..."

"నీ చెవిలో పడింది అడిగాను నేను. నీ గుండెలో పడింది కాదు."

ఈ మాట ఆమె నోట తర్వాత ఎన్నోసార్లు విన్నాను. సాక్షులతో అనేవారు, జూనియర్లతో అనేవారు. ఒకసారి పాలు పోసే ఆమెతో కూడా అన్నారు.

నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పవే అమ్మాయ్. మీ వోడు ఏం పని చేస్తాడు?"

"బోరు మోటార్లు బాగుచేస్తాడండీ."

ఆమె హెడ్‌ఫోను మళ్లీ పెట్టుకుని మొదటి నుంచీ విన్నారు. ఇంకోసారి కూడా విన్నారు. అప్పుడు అడిగారు.

"వాడి ఫోనేది?"

"ఇంట్లోనే ఉందమ్మా, చార్జింగులో" అన్నాడు పెద్దతమ్ముడు. గొంతు తగ్గించాడు. "పోలీసోళ్లు ఇంకా అడగలా. ఈలోపే రీసెట్ కొట్టిస్తా. పిడుగురాళ్లలో మనోడి షాపుంది. పురుగు కూడా మిగల్దు దాంట్లో."

ఆమె చేతిలోని తొనను పళ్లెంలో పెట్టారు.

"కొట్టించు. కొట్టించి, నీ తమ్ముడికి తాడు కూడా నువ్వే పేను. నీకు చేతినిండా పనుంటది."

వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఊరంతా తిరిగేది ఒక్క మాట. దాని ముందేముందో, ఎనకేముందో ఎవడికీ తెలవదు. అది ఆ ఫోన్లోనే ఉంటది. నువ్వు దాన్ని తుడిస్తే ఏం మిగులుద్ది? ఊళ్లో తిరిగే ఆ ఒక్క మాటే మిగులుద్ది. దాన్ని తుడవగలవా?"

తర్వాత ఏం చేయాలో చెప్పారు. చార్జరు పీకండి. ఒక్క బటను నొక్కి ఆపండి. రెండో బటను నొక్కొద్దు. లోపల ఏముందో చూడాలని బుద్ధి పుట్టినా చూడొద్దు. ఊళ్లో నలుగురు పెద్దమనుషుల ఎదుట కవర్లో పెట్టి అంటించండి. పొద్దున్నే కోర్టుకు తీసుకురండి. మనమే దాఖలు చేద్దాం. ల్యాబుకు పంపమని, రిపోర్టు నకలు మనకూ ఇప్పించమని అర్జీ పెడదాం.

"మీకే ఇచ్చేస్తామమ్మా" అన్నాను.

"నా చేతికి ఇయ్యమాక. నా చేతికొస్తే రేపు బోనులో నన్ను నిలబెట్టి అడుగుతారు, నువ్వేం కెలికావని. ప్లీడరు ప్లీడరుగానే ఉండాలి, సాక్షి కాకూడదు."

పెద్దతమ్ముడికి ఇంకా ధైర్యం రాలేదు. "మనమే తీసుకెళ్లి ఇచ్చేస్తే ఎట్టమ్మా? దాంట్లో మనకి చెడ్డది ఏమన్నా ఉంటే?"

"ఉంటది. ఎందుకుండదు? ఫోను మనకి చుట్టం కాదు, వాళ్లకీ చుట్టం కాదు. ఉన్నది చెప్పుద్ది. మీ వోడు ఆ పని చెయ్యలేదని మీరు నమ్మితే భయపడమాకండి. నమ్మకపోతే ఇప్పుడే చెప్పండి, ఇంకో ప్లీడర్ని చూసుకుందురు."

తమ్ముడు నా మొహం చూశాడు. నేను నమ్ముతున్నానని చెప్పాను. వాడు పిల్లాడప్పటి నుంచీ నాకు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. స్టేషన్లో కటకటాల వెనక వాడి చెవులు చూశాను. అంతకంటే నా దగ్గర రుజువు లేదు. ప్లీడరమ్మకు అది చెప్పలేదు. ఆమె నవ్వేవారేమో.

ఫోనును సర్పంచి గారి ఎదుట, మా పాస్టరు గారి ఎదుట అంటించి కోర్టులో ఇచ్చాం. ఊళ్లో మాటలు వచ్చాయి. "సొంత ప్లీడరే పోలీసోళ్లకి ఫోను పట్టించిందంట. అమ్ముడుపోయింది" అన్నారు మా బంధువులే. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. ప్రతిరోజూ ఒక్కటే అడిగేదాన్ని, తండ్రీ, ఆ ఫోన్లో ఉన్నది ఉన్నట్టు బయటికి రానీ అని. కొన్నిసార్లు ఆ ప్రార్థన మధ్యలో నాకే భయం వేసేది. ఉన్నది ఏమిటో నాకు తెలియదు కదా.

ల్యాబు రిపోర్టు వచ్చేదాకా నెలలు పట్టింది. వాయిదాలకు తిరిగేవాళ్లం. ఆమె చిన్న చిన్న అలవాట్లు నాకు తెలిసింది అప్పుడే. పిలుపు వచ్చేదాకా కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడేవారు. కూర్చుంటే కునుకొస్తుందనేవారు. మజ్జిగలో ఉప్పు వేస్తే తాగేవారు కాదు. ఎవరైనా "పక్కా" అంటే మండిపడేవారు. "పక్కా అన్నోడెవడూ చూసినోడు కాడు" అనేవారు. నేను బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంటే పక్కకొచ్చి మెల్లగా అనేవారు.

"ఏమే, మీ ప్రభువుతో మాట్లాడుతున్నావా? జడ్జిగారు ఇయ్యాల సెలవు పెట్టకుండా చూడమను. మిగతాది నేను చూసుకుంటా."

ఆమె ఇంట్లో పూజగది ఉంది. రోజూ దీపం పెట్టేవారు. కానీ నా ప్రార్థనను ఎప్పుడూ తేలిక చేయలేదు. నేను పూర్తి చేసేదాకా పిలిచేవారు కాదు, పిలుపొచ్చే వేళైనా సరే.

ఒకరోజు నేనే అడిగాను. "ల్యాబులో ఎవరైనా మార్చేస్తేనో అమ్మా?"

ఆమె ఓపిగ్గా చెప్పారు. ముందు ఫోన్లో ఉన్నదంతా అచ్చంగా నకలు తీస్తారు. ఆ నకలు మొత్తానికీ ఒక పొడుగాటి నంబరు పుడుతుంది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మొత్తం మారిపోతుంది. మొదట పుట్టిన నంబరూ, కోర్టుకొచ్చిన నంబరూ ఒక్కటే అయితే ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

"నువ్వు రోజూ చదివే పుస్తకంలో ఒక పొల్లు తీసేస్తే మీ పాస్టరుగారు కనిపెడతాడో లేదో. ఆ నంబరు మాత్రం కనిపెట్టుద్ది" అన్నారు.

మరి ఊరంతా తిరిగిన ఆ మెసేజికి అదెందుకు లేదు అని అడిగాను.

"మీ ఊళ్లో మిరపకాయలు తొడిమలు తీస్తారుగా. తొడిమ తీసిన కాయ ఏ చేలోదో చెప్పగలవా? ఇదీ అంతే. చేతులు మారేకొద్దీ రాలిపోతాయి. ఎప్పుడన్నాడు, ఎవడు అడిగితే అన్నాడు, ఏ చోట అన్నాడు, అన్నీ రాలిపోయి కాయ మిగులుద్ది. కారం మాత్రం అట్టాగే ఉంటది."

రిపోర్టు వచ్చిన రోజు ఆమె మమ్మల్ని పిలిపించారు. మా వాడికి అప్పటికి బెయిలు వచ్చింది. వాడూ వచ్చాడు. ముగ్గురం వరండాలో నిలబడ్డాం.

"మంచిది ముందు చెప్పనా, చెడ్డది ముందు చెప్పనా?"

"చెడ్డదే చెప్పండమ్మా" అన్నాడు చిన్నవాడు.

"నువ్వు చచ్చిపోయినాయనకి పంపిన మెసేజి దొరికింది. 'నీ అంతు చూస్తా' అన్నావు. ఆ తర్వాతవి మీ అక్క ముందు చదవను. పోలీసుల తరఫు ప్లీడరు, పీపీగారు, కోర్టులో గట్టిగా చదువుతాడు. తల దించుకోమాక, తల ఎగరెయ్యమాక. అన్నవాడివి నువ్వే. నిలబడి విను."

వాడి మొహం వాడిపోయింది. "కోపంలో అన్నానమ్మా..."

"నాకు తెలుసు. తిట్టినోళ్లందర్నీ లోపలేస్తే పల్నాటిలో పొలం దున్నేవాడు ఉండడు. కానీ అది దాచి ఇంకోటి చూపిస్తే జడ్జిగారు రెండోదీ నమ్మరు. రెండూ పెడతా."

అప్పుడు మంచిది చెప్పారు. చొక్కా మీది మరకలు రక్తం కాదని ల్యాబు తేల్చింది. బోరు పైపులు లాగేవాళ్ల చొక్కాలకు అంటే తుప్పు, నూనె. ఇంకొకటి, మెసేజి పంపిన రోజు సాయంత్రం, ఆ రైతు చనిపోయిన సాయంత్రమే, మా వాడు తీసిన ఫోటో. బోరులోంచి పైకొచ్చిన మోటారు, దాని పక్కన బురద చేతులతో ఆ ఇద్దరు పనివాళ్లు. కాలిపోయిన మోటారు ఎలా ఉందో వైండింగు షాపువాడికి చూపించడానికి తీశాడంట. ఆ ఫోటోతోపాటే అది తీసిన వేళ, తీసిన చోటు ఫోను దాచుకుంది. ఆ చోటు కాలవకు చాలా దూరం. ఆ వేళకు చనిపోయినాయన కాలవ వైపు నడుచుకుంటూ వెళ్లడం చూసినవాళ్లున్నారు. వాళ్లు పోలీసులు పెట్టిన సాక్షులే.

మంచిదాంట్లో మూడోది ఒకటి ఉందన్నారు గానీ అది చెప్పలేదు. "అది కోర్టులో విందురుగాని" అన్నారు.

నేను చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని కనుక ఎవరు ఏ మాట ఎలా పలుకుతారో గమనించే అలవాటు ఉంది. ఆ రోజు కోర్టులో మాటలు నాకు ఇప్పటికీ అలాగే వినిపిస్తాయి.

ముందు దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. ఆయన దూరపు జిల్లా నుంచి వచ్చినవారు. లేపేస్తా అంటే చంపుతానని అర్థమని, అందరికీ తెలిసిన మాటేనని అన్నారు. ఆ మనిషిలో దురుద్దేశం నాకు కనిపించలేదు. ఆయన ఊళ్లో ఆ మాటకు ఆ అర్థమే ఉండొచ్చు. ఆ తర్వాత పీపీగారు మా వాడి తిట్లు చదివారు. ఒక్కొక్క మాటా చదివారు. నేను చీర కొంగు పట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ మాటలు నేను పెంచిన నోటివి.

తర్వాత ముసలి మిరప రైతును బోనెక్కించారు. మా వాడి మెసేజి తనకే వచ్చిందని చెప్పించడానికి పోలీసులే ఆయన్ను సాక్షిగా పెట్టారు. బోను కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు. ప్లీడరమ్మ లేచారు. ల్యాబు నకలులోంచి, మా వాడి మెసేజికి ముందు వచ్చిన ఇంకో మెసేజి వినిపించడానికి జడ్జిగారి అనుమతి అడిగారు.

కోర్టు హాల్లో ఒక ముసలి గొంతు వినిపించింది.

"అబ్బాయా, మళ్లా కాలిపోయిందిరా. తోట వాడిపోతంది. ఎప్పుడు లేపుతావురా? మనుషులు లేకపోతే చెప్పు, నేనూ వచ్చి ఓ చెయ్యేస్తా."

ప్లీడరమ్మ అడిగారు. "అది ఎవరి గొంతు పెద్దాయనా?"

తన ఫోన్లో చెరిపేసుకున్నది ఇక్కడ ఎలా మిగిలిందో ఆయనకు అంతుపట్టలేదు.

"నాదేనమ్మా."

"ఏం కాలిపోయింది?"

"మోటారమ్మా."

"దానికి ఈ అబ్బాయి ఏమని జవాబిచ్చాడు?"

"లేపేస్తానన్నాడు."

"ఎవర్ని?"

ఆయనకు అప్పటిదాకా ఉన్న భయమంతా పోయింది. అంత తెలివితక్కువ ప్రశ్న ఆయన పుట్టి బుద్ధెరిగాక విని ఉండడు.

"ఎవర్నేందమ్మా! మోటార్ని! బోరులో పడున్నదాన్ని లేపకుండా ఎట్టా బాగుచేస్తారు? నీకు పొలం లేదా ఏంది?"

హాలంతా నవ్వారు. పీపీగారు కూడా తల తిప్పుకున్నారు. జడ్జిగారు కాగితాల్లోకి వంగారు.

"తాడు దేనికి?"

"మోటారుకి కట్టి లాగటానికి. దానికదే ఎగిరొస్తదా?"

"మరి నిన్ను నోరు మూసుకోని ఇంటికాడ కూకోమన్నాడే?"

ఆయన సిగ్గుపడ్డాడు. "నాకు నడుం జారిందమ్మా. పోయినేడు పైపు పట్టుకుంటే. ఆడొద్దంటాడు, నేను పోతా. అందుకని అట్టా కసిరాడు. నన్నెప్పుడూ అట్టాగే కసురుతాడు. మంచోడే."

మళ్లీ నవ్వులు. ప్లీడరమ్మ ఒక్కరే నవ్వలేదు. మధ్యాహ్నం విరామంలో పెద్దతమ్ముడు పొంగిపోతూ వచ్చాడు. "అయిపోయిందమ్మా కేసు! జడ్జిగారే నవ్వాడు!"

"నవ్వు రికార్డులోకి ఎక్కదు. మాటకి అర్థం ఊరు చెప్పింది, సరే. ఆ వేళకి వోడు ఎక్కడున్నాడో ఊరు చెప్పలేదు. అది ఫోనే చెప్పాలి. చనిపోయినాయన ఎట్టా పోయాడో డాక్టరు చెప్పాలి. ఇంకా రెండున్నాయి. పోయి అన్నం తినండి."

ఆ రెండూ నవ్వులు లేకుండానే జరిగాయి. ల్యాబు అధికారి వచ్చి నంబరు సరిపోయిందని, ఫోటో వేళా చోటూ మార్చిన గుర్తులు లేవని చెప్పాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరును ఆమె ఎంతో మర్యాదగా అడిగారు. తల మీది దెబ్బ కాలవ గట్టు సిమెంటు అంచుకు తగిలినా అలాగే ఉంటుందా అని. ఉండొచ్చన్నారు డాక్టరు. ఊపిరితిత్తుల్లో కాలవ నీరూ, ఒండ్రూ ఉన్నాయా అని. ఉన్నాయన్నారు. అంటే నీళ్లలో పడేటప్పటికి ప్రాణం ఉందా అని. ఉందన్నారు. ఎవరైనా కొట్టారని దెబ్బను బట్టి చెప్పగలరా అని. చెప్పలేనన్నారు.

తీర్పు రోజున ముగ్గురు ముద్దాయిల మీదా నేరం రుజువు కాలేదని జడ్జిగారు చదివారు. పెద్దతమ్ముడు వరండాలోకి వస్తూనే "గెలిచామమ్మా!" అని అరిచాడు. ఆమె వాడి మోచెయ్యి పట్టుకున్నారు.

"గొంతు తగ్గించు. ఆయన భార్య ఆ పక్క బల్ల మీదే ఉంది."

నిజమే. ఆ తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. అంతకాలం ఆమెకు కోపం చూపించుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ రోజుతో ఆ మనిషీ లేకుండా పోయాడు. ప్లీడరమ్మ ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఆ తల్లి మొహం తిప్పుకుంది. ప్లీడరమ్మ కొద్దిసేపు అలాగే ఉండి, వచ్చేశారు. "అట్టా తిప్పుకోవటం ఆమె హక్కు" అన్నారు నాతో.

నా రోజువారీ ప్రార్థనలో ఆ తల్లి పేరు ఆ రోజు చేరింది. ఇప్పటికీ ఉంది.

మేము కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆమె వెనక్కు జరిగారు. ఒక్కటే మాట తీసుకున్నారు.

"ఇంక నన్ను బజార్లో పలకరించమాకండి. నేనూ మిమ్మల్ని పలకరించను. నాతో మాట్లాడినోళ్లని చూసి జనం ఏమనుకుంటారు? వీళ్లకేదో కేసుందిరా అనుకుంటారు. వోడికి రేపు పెళ్లి కావాలి, పనులు దొరకాలి. నన్ను మర్చిపోండి."

అది ఆమె అందరికీ పెట్టిన నియమమని తర్వాత తెలిసింది. నరసరావుపేట సెంటర్లో రెండుమూడుసార్లు ఎదురయ్యారు. గోడను చూసినట్టు నన్ను చూసి వెళ్లిపోయారు. ఒకసారి సత్తెనపల్లి బస్సులో మాత్రం వచ్చి నా పక్క సీట్లోనే కూర్చున్నారు. వేరే ఖాళీ లేదు. బస్సు కదిలాక, కిటికీలోకి చూస్తూ అడిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకుని మా ఊరు చెప్పాను.

"మీకు తమ్ముళ్లున్నారా?"

"ఇద్దరండీ."

"ఏం చేస్తారు?"

"పెద్దవాడు లారీ ఆఫీసండీ. చిన్నవాడు బోరు మోటార్లు బాగుచేస్తాడు. పెళ్లయింది. పాప పుట్టింది."

ఆమె తల ఊపారు. చాలాసేపు పొలాల వైపే చూశారు.

"మంచి పనమ్మా, మోటార్ల పని. నీళ్లిచ్చే పని" అన్నారు. దిగేటప్పుడు కూడా కొత్తమనిషికి చెప్పినట్టే "వస్తానమ్మా" అన్నారు. ఆమెతో నేను మాట్లాడిన ఆఖరి మాటలు అవే.

మొన్న మేము వెళ్లేసరికి వాకిట్లో నల్లకోట్లు నిండి ఉన్నాయి. జడ్జీలు కూడా వచ్చి వెళ్లారంట. మేము రోడ్డుకు అవతల, మూసిన కొట్ల ముందు నిలబడ్డాం. అక్కడ అప్పటికే చాలామంది ఉన్నారు. సున్నపు బట్టీల్లో పనిచేసేవాడు ఒకడు, గాజుల బుట్టతో ఒకావిడ, బ్యాంకు సెక్యూరిటీ డ్రస్సులో ఒకతను, బురఖాలో తల్లీకూతుళ్లు. కొన్ని మొహాలు నాకు గుర్తే. ఆ వరండాలో చూసినవే. ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. ఆమె నియమం ఆ రోజు కూడా అందరం పాటిస్తున్నాం.

ఆమెను బండిలోకి ఎక్కించారు. బండి నెమ్మదిగా మా ముందుకు వచ్చింది. పక్కన తెరిచి ఉన్న ఒక టీకొట్టులోంచి ఒకాయన మా వాణ్ణి అడిగాడు. "ఎవరయ్యా పోయింది? మీకేమవుద్ది?"

మా వాడు నా వైపు చూశాడు.

"నా ప్లీడరు" అన్నాడు, వీధి అంతా వినపడేట్టు. "హత్య కేసులో నా ప్లీడరు."

రోడ్డు మీదికి దిగి, బండికి ఎదురుగా చేతులు జోడించాడు. "నేనమ్మా" అన్నాడు.

గాజుల బుట్ట కింద పెట్టిన చప్పుడైంది. "నేనమ్మా" అంది ఆవిడ. సెక్యూరిటీ అతను టోపీ తీశాడు. ఒక్కొక్కరే చేతులు జోడించి కొట్ల నీడలోంచి ఎండలోకి వచ్చారు. ఎవరిది ఏ కేసని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

బండి మలుపు తిరిగింది. దారంతా చల్లిన పేలాలు గాలికి కొద్దికొద్దిగా కదులుతున్నాయి. వాళ్లలో ఒక్కరూ ఇంకా చేతులు దించలేదు.